తమ ఇల్లు తామే కట్టుకొన్న విద్యార్థులు

'ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు' అని తెలుగువారి సామెత. ఈ రెండు పనులును మనుష్యుని ఓర్పునకు, చేతిలోని సొమ్మునకు, నలుగురితో నడచుకొను తీరునకు పరీక్షలు. పెండ్లి మాట యెట్లున్నను, ఇల్లు కట్టు పరీక్ష సాధారణముగా నడివయస్సున వచ్చును. ఇరువది యేండ్ల విద్యార్థికి ఆ చింత యుండదు. అతడు తండ్రి యింటినుండి వసతిగృహమునకు వచ్చును. అక్కడ ఎవరో వండిన అన్నము తినును. పప్పు పలుచనైనచో కంచము త్రోసి లేచును. చదువు ముగిసిన నాడు పెట్టె సర్దుకొని వెడలిపోవును. విశ్వవిద్యాలయమున అతడు అతిథి. అతిథికి కొరత చెప్పుకొను హక్కు గలదు గాని, కొట్టులో బియ్యము నిండుకొన్నదని తెలిసికొనవలసిన బాధ్యత లేదు.

విద్యార్థి సంఘమనగానే పలువురి మనస్సున మెదలునవి ఎన్నికలు, ఊరేగింపులు, మూసిన తరగతి తలుపులు. అవియు సంఘముల చరిత్రలోని భాగములే. అయితే విద్యార్థి సంఘము అతిథిని గృహస్థునిగా మార్చు బడి కూడ కాగలదా? తోటివారికి నీడ, అన్నము, మందు సమకూర్చు పనిని విద్యార్థులే నెత్తిన వేసికొనినచో ఆ పని నిలుచునా? నిలిచిన పిమ్మట వారినేమి చేయును? ఈ ప్రశ్నలకు ఐరోపా ఖండపు ఉత్తరపుటంచున నున్న ఫిన్లాండు దేశపు విద్యార్థులు నూటయేబది సంవత్సరములకు పైబడిన తమ అనుభవముతో సమాధానము చెప్పుచున్నారు. ఆ సమాధానములో విజయమును గలదు, హెచ్చరికయు గలదు.

కరవు నాటి కానుక

ఫిన్లాండులోని తొలి విశ్వవిద్యాలయము 1640లో తుర్కు పట్టణమున స్థాపింపబడినది. ఆనాడు ఆ దేశము స్వీడను రాజ్యములోని భాగము. 1809లో అది రష్యా చక్రవర్తి ఏలుబడిలోనికి వచ్చినది. 1827లో జరిగిన ఘోరాగ్నిప్రమాదమున తుర్కు పట్టణము దగ్ధము కాగా, మరుసటి సంవత్సరమే విశ్వవిద్యాలయమును రాజధానియైన హెల్సింకికి తరలించిరి.

ఆ విద్యార్థులు మొదటినుండియు తమ తమ ప్రాంతములనుబట్టి సహవాసములుగా నేర్పడి యుండిరి. వీటిని వారి భాషలో 'ఓసకుంత'లందురు. ఒకే సీమనుండి వచ్చినవారు ఒకచోట చేరుట, పెద్దవాడు చిన్నవానికి దారి చూపుట, పేదవానికి పుస్తకము ఇప్పించుట వీటి పనులు. అయినను విద్యార్థులు ఒకచోట గుమిగూడుట చక్రవర్తికి రుచింపలేదు. 1848లో ఐరోపా యంతట విప్లవములు చెలరేగినవి. ఆ సంవత్సరమే మే నెల 13వ తేదీన హెల్సింకి విద్యార్థులు జరుపుకొన్న వసంతోత్సవమున రూనెబెర్గ్ కవి రచించిన గీతమును, పాసియస్ కూర్చిన స్వరముతో, మొదటిసారి పాడిరి. తరువాతి కాలమున అదే ఆ దేశపు జాతీయగీతమైనది. నాలుగు సంవత్సరముల పిమ్మట, 1852లో, ఓసకుంతలు నిషేధింపబడినవి. పేరు తుడిచివేసినను కలయిక ఆగలేదు. 1868లో నిషేధము తొలగినది. ఆ సంవత్సరముననే విద్యార్థులందరిని ఒక గూటికి చేర్చు సంఘమునకు గుర్తింపు లభించినది.

ఆ సంఘమునకు ఇల్లు లేదు. ఇంటికొరకు విద్యార్థులు దేశమందంతట చందాలు పోగుచేయుచుండిరి. ఆ రోజులు ఎట్టివి? 1866 నుండి 1868 వరకు ఫిన్లాండులో మహాక్షామము వచ్చినది. మంచు వేళగాని వేళ కురిసి పైరును చంపినది. జనులు చెట్టు బెరడును పిండిలో కలిపి రొట్టె చేసికొని తినిరి. ఒక్క 1868లోనే జనాభాలో నూటికి సుమారు ఎనమండుగురు మరణించిరి. అట్టి క్షామము గడచిన రెండు సంవత్సరములకే, 1870 నవంబరు 26వ తేదీన, డాల్‌స్ట్రోమ్ అను శిల్పి రూపొందించిన విద్యార్థిభవనము హెల్సింకిలో తలుపులు తెరచినది. దాని ముఖభాగమున లాటినులో నాలుగు మాటలు చెక్కబడి యున్నవి. 'దేశము తన ఆశకు ఇచ్చినది' అని వాటి తాత్పర్యము.

ఆ 'ఆశ' యనునది విద్యార్థియే. కడుపునిండ రొట్టె లేని రైతులు కూడ గల దేశము తన బిడ్డల కొరకు ఒక భవనము కట్టించి ఇచ్చినది. ఇట్టి కానుక పుచ్చుకొన్నవాడు మరి యతిథిగా నుండలేడు. ఆ నాలుగు మాటలు పొగడ్త కాదు. గోడమీద వ్రాసిన అప్పుపత్రము. మరియొక విశేషము కూడ స్మరింపదగియున్నది. ఆ 1870లోనే మరియా చెచూలిన్ అను యువతి ప్రత్యేకానుమతితో ప్రవేశపరీక్షలో నుత్తీర్ణురాలై, ఆ దేశమున మొదటి విద్యార్థిని అయినది. స్త్రీలు ప్రత్యేకానుమతి కోరనక్కరలేని దినము 1901లో గాని రాలేదు. 1910లో విద్యార్థి సంఘము రెండవ భవనమును నిర్మించుకొన్నది. దాని శిల్పులిద్దరిలో వీవి లోన్ అను స్త్రీ యొకతె, అర్మాస్ లిండ్‌గ్రెన్ రెండవవాడు. నలుబది యేండ్ల క్రిందట గడప దాటుటకు అనుమతిపత్రము కావలసియున్న స్త్రీజాతి, రెండవ ఇంటికి నకాశా గీచి ఇచ్చినది.

శిథిలములలోని ఇటుకలు

రెండవ ప్రపంచయుద్ధము ముగియుసరికి ఫిన్లాండు మరల బీదదైనది. సోవియటు దేశమునకు వదలుకొన్న తూర్పు సీమలనుండి నాలుగు లక్షలకు పైగా ప్రజలు ఇల్లు వాకిళ్లు విడిచి వచ్చిరి. యుద్ధభూమినుండి మరలిన యువకులు ఆగిపోయిన చదువులకు వచ్చి చేరిరి. హెల్సింకిలో గది దొరకుట గగనమైనది. 1940 దశకపు చివర హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి సంఘము 'దోముస్ అకాదెమికా' యను పేర వసతిగృహములు నిర్మింప మొదలిడినది.

సాంకేతిక విద్యాలయపు విద్యార్థుల కథ ఇంతకంటె చిత్రమైనది. కుచ్చుటోపీ ధరించు ఈ విద్యార్థులను అక్కడ 'టేక్కరి'లందురు. విద్యాలయమునకు నగరమునకు పడమరగా ఓతనియెమి యను అడవిసీమలో క్రొత్త స్థలము నిర్ణయమైనది. ప్రసిద్ధ శిల్పి ఆల్వార్ ఆల్టో 1949లో దానికి ప్రణాళిక గీచెను. అయితే విద్యాలయపు ప్రధానభవనము లేచుటకు ఇంకను పదునైదు సంవత్సరములు పట్టినది. విద్యార్థులు అంతవరకు ఆగలేదు. 1950లోనే వారు తమ నివాసగ్రామమును కట్ట నారంభించిరి. తరగతిగది రాకముందే విద్యార్థి అక్కడ కాపురము పెట్టినాడు.

ఇటుకలెక్కడివి? యుద్ధానంతరమున ప్రతి వస్తువునకును కరవే. 1944 ఫిబ్రవరిలో సోవియటు విమానములు హెల్సింకిపై బాంబులు కురిపించినప్పుడు, నగరములోని సోవియటు రాయబార భవనము కూడ కూలినది. తమ వారి బాంబులకే తమ యిల్లు కూలుట విధి చేసిన హాస్యము. ఆ శిథిలములలోని ఇటుకలే ఓతనియెమికి చేరినవి. విద్యార్థులు ఒక్కొక్క ఇటుకనే చేతబట్టి, అంటుకొన్న పాత సున్నము గోకి, క్రొత్త గోడకు పనికివచ్చునట్లు చేసిరి. ఊరివారందరు కూడి ఒకరి పనిని ఉచితముగా చేసిపెట్టు ఆచారము ఆ దేశపు పల్లెలలో అనాదిగా గలదు. దానికి 'తాల్కోత్' అని పేరు. తెలుగుదేశమున శ్రమదానమని పిలుచు పనికిని దీనికిని వాసి యొకటే.

1952లో హెల్సింకిలో ఒలింపిక్ క్రీడలు జరిగినవి. భారత హాకీజట్టు స్వర్ణపతకము గెలిచినదియు, ఖాశాబా జాదవ్ కుస్తీలో కాంస్యపతకము తెచ్చినదియు ఆ క్రీడలలోనే. ఆ యెండకాలమున టేక్కరి గ్రామమునకు తొలి అతిథులుగా వచ్చిన వారెవరనగా, సోవియటు దేశపు క్రీడాకారులు, వారి మిత్రరాజ్యముల క్రీడాకారులు. తమ దేశపు బాంబు కూల్చిన తమ రాయబారి ఇంటి ఇటుకలతో, నిన్నటి శత్రుదేశపు విద్యార్థులు కట్టిన గదులలో, వారు సుఖముగా నిద్రించిరి. క్రీడలు ముగిసిన తరువాత గదులు విద్యార్థులవైనవి.

తరువాతి కాలమున ఈ ఉపాయమే ఒక పద్ధతియైనది. వేసవి సెలవులలో వసతిగృహములు ఖాళీగా నుండును. యాత్రికులు వచ్చు కాలమును అదియే. విద్యార్థి సంఘములు ఆ గదులను వేసవి హోటళ్లుగా నడిపినవి. యాత్రికుడిచ్చిన అద్దె విద్యార్థి గృహమును నిలబెట్టుటకు తోడ్పడినది. ఇది యే పండితుడును తరగతిలో చెప్పిన పాఠము కాదు. ఇల్లు కట్టినవానికి మాత్రమే తోచు ఆలోచన.

మందు, అన్నము, లెక్క

ఇల్లు సమకూరిన పిమ్మట గృహస్థునకు తోచు రెండవ చింత ఆరోగ్యము. ఆనాడు ఫిన్లాండున క్షయవ్యాధి భయంకరముగా నుండెను. చలిగదులు, చాలని తిండి గల విద్యార్థులను అది సులభముగా పట్టుకొనెడిది. 1954లో దేశమందలి విద్యార్థుల కొరకు ప్రత్యేకముగా ఒక ఆరోగ్యసంస్థ నెలకొన్నది. దాని పుట్టుక వెనుక విద్యార్థి సంఘముల కృషి యున్నది. దాని పాలకవర్గమున నేటికిని విద్యార్థులకు స్థానము గలదు. క్షయ తగ్గిన తరువాత ఆ సంస్థ మూతపడలేదు. దంతవైద్యము, మానసికవైద్యము దాని పనులలో ముఖ్యమైనవైనవి. 2021 నుండి వృత్తివిద్యా విశ్వవిద్యాలయముల విద్యార్థులకు కూడ దాని సేవలు విస్తరించినవి.

1969లో హెల్సింకి ప్రాంతపు విద్యార్థి సంఘములు కలిసి గృహనిర్మాణమునకై ఒక నిధిసంస్థ నేర్పరచినవి. భోజనశాలలను సంఘములే నడుపుట అప్పటికే ఆచారములో నుండెను. 1979 నుండి విద్యార్థి భోజనమునకు ప్రభుత్వము కొంత సొమ్ము భరించుచున్నది. ఈ వరుసను గమనింపవలెను. మొదట విద్యార్థులు పని మొదలుపెట్టిరి. అది నిలుచునని రుజువైన పిమ్మట ప్రభుత్వము చేయూత నిచ్చినది. అర్జీ వ్రాసి ఎదురుచూచుచు కూర్చున్నచో ఈ వరుస తలక్రిందులై యుండెడిది.

ఈ పనులన్నిటికిని మూలమైన యంత్రము మిక్కిలి సామాన్యమైనది. హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి సంఘమునకు అరువదిమంది సభ్యులు గల ప్రతినిధిసభ యున్నది. రెండు సంవత్సరముల కొకమారు ఎన్నికలు జరుగును. వచ్చిన ఓట్ల పాళ్లనుబట్టి ఆయా పక్షములకు స్థానములు లభించును. సభ కార్యవర్గము నెన్నుకొనును, ఆదాయవ్యయములను ఆమోదించును. డిగ్రీ చదువునకు చేరిన ప్రతి విద్యార్థియు చట్టప్రకారము సంఘములో సభ్యుడై, సంవత్సరమునకు కొంత రుసుము చెల్లింపవలెను. ఈ నిర్బంధము వ్యక్తిస్వాతంత్ర్యమునకు విరుద్ధమని వాదించువారు అక్కడ కలరు. నిర్బంధము లేనిచో బలవంతులు మాత్రమే మిగిలి, బలహీనులకు నీడ కరవగునని ఎదురువాదము చేయువారును కలరు. ఆ వాదము నేటికిని తీరలేదు. గృహస్థులున్న ప్రతి యింటను అట్టి వాదము తీరక నిలిచియే యుండును.

ఇల్లు యజమానిని మింగినప్పుడు

ఇంతవరకు చెప్పినది విజయగాథ. హెచ్చరిక ఇక మొదలగును.

1870లో ఊరి చివర నుండిన విద్యార్థిభవనపు స్థలము, నగరము పెరుగగా, హెల్సింకికి నడిబొడ్డయినది. దాని చుట్టును అంగళ్లు లేచినవి. అద్దెలు వచ్చినవి. ఒకనాడు చందా అడిగిన సంఘము, ప్రపంచములోని మిక్కిలి ధనిక విద్యార్థి సంఘములలో నొకటిగా పేరుపొందినది. ఆస్తి పెరిగినకొలది దానిని కాపాడువారు కావలసివచ్చిరి. విద్యార్థి నాలుగైదు సంవత్సరములలో వెడలిపోవును, ఆస్తి నిలుచును, లెక్కలు తెలిసిన ఉద్యోగి నిలుచును. ఇల్లు ఎవరిదను ప్రశ్న మెల్లమెల్లగా తలయెత్తినది.

1968 నవంబరులో సంఘమునకు నూరు సంవత్సరములు నిండుచుండెను. గొప్ప ఉత్సవమునకు ఏర్పాట్లు జరిగినవి. ఉత్సవమునకు ముందటి సాయంకాలము, నవంబరు 25వ తేదీన, కొందరు విద్యార్థులు తమ పాతభవనమును తామే ఆక్రమించిరి. తమ యింటిలోనికి తామే చొరబడుట వినుటకు వింతగా నుండును. కాని వారి మనస్సులోని మాట స్పష్టమే: ఈ యిల్లు విద్యార్థుల పేరున నున్నది గాని విద్యార్థులకు దూరమైనది, విశ్వవిద్యాలయపు పాలనలో తమకు గొంతు లేదు, ఇట్టి సమయమున మర్యాదదుస్తుల విందులేల? రాత్రి అంతయు భవనములో చర్చలు సాగినవి. అధికారిక ఉత్సవము వేరొకచోట జరుపవలసివచ్చినది.

విశ్వవిద్యాలయపు పాలకమండలుల యెన్నికలో మనిషికొక ఓటు అను పద్ధతిని విద్యార్థులు కోరిరి. ఆచార్యుని ఓటును, తొలియేటి విద్యార్థి ఓటును ఒక్కటే కావలెననుట ఆ కోరిక. అందుకై తెచ్చిన శాసనప్రతిపాదన 1970లో పార్లమెంటున ఎదుటిపక్షము సాగదీసిన ప్రసంగముల మధ్య గడువుదాటి వీగిపోయినది. తరువాత క్రమముగా, మరియొక రూపమున, పాలనాసభలలో విద్యార్థులకు స్థానములు లభించినవి. కోరినదంతయు రాలేదు, కోరకున్నచో వచ్చినదియు రాకుండెడిది.

ఓతనియెమిలో హెచ్చరిక మరియొక రూపమున వచ్చినది. అక్కడి విద్యార్థులు 1966లో 'దీపోలి' యను సంఘభవనమును నిర్మించుకొనిరి. నగరములోని వారి పాతభవనము పేరు 'పోలి'. ఇది రెండవది గనుక దీపోలి. రైలి, రెయిమా పియెతిలా దంపతులు రాతిగుట్టలను, దేవదారు చెట్లను కలుపుకొని, ఒక మూలకు మరియొక మూల పోలని వింతభవనమును రూపొందించిరి. ప్రపంచపు శిల్పులు వచ్చి చూచి పోయిరి. కాని అంతటి భవనమును విద్యార్థుల రుసుముతో పోషించుట కష్టమైనది. అది సభలకును, శిక్షణతరగతులకును ఇచ్చు భవనముగా మారినది. తుదకు 2017 నుండి ఆల్టో విశ్వవిద్యాలయపు ప్రధానభవనమైనది. సాంకేతిక విద్యాలయము మరి రెండు విద్యాలయములతో కలిసి 2010లో ఆల్టో విశ్వవిద్యాలయమైన సంగతి ఇక్కడ చెప్పవలెను. ఒక్కొక్క ఇటుక గోకి కట్టిన సామాన్యపు గదులు విద్యార్థులవిగా నిలిచినవి. లోకము మెచ్చిన సౌధము చేయి మారినది.

మూడవ హెచ్చరిక నిశ్శబ్దమైనది. ఇన్ని సౌకర్యములు గల హెల్సింకి విద్యార్థులలో, ఇటీవలి దశాబ్దముల ఎన్నికలలో, ఓటు వేయువారు సగమునకు తక్కువ. కట్టిన తరము గృహస్థులై జీవించినది. వారి మనుమలు కట్టిన యింట పుట్టిరి. వారికి గది గలదు, వైద్యుడు గలడు, వేడి భోజనము గలదు. ఇవి ఆకాశమునుండి పడినవని తలంచుట సులభము. అతిథి మరల వచ్చి పీట వేసికొని కూర్చుండును.

లెక్కపుస్తకమను పాఠ్యగ్రంథము

ఈ కథ తెలుగు పాఠశాలలకు దూరపు కథ వలె కనిపింపవచ్చును. ఫిన్లాండు చిన్నదేశము, దాని చలి వేరు, దాని ధనము వేరు. అయినను ఓతనియెమిలో ఇటుకలు గోకిన నాడు ఆ దేశమునకు ధనము లేదు. వారికున్నది ఒక పని, ఆ పనికి తామే బాధ్యులమను తెలివిడి, పదిమంది ముందు విప్పి చూపవలసిన లెక్క. ఈ మూడును ఏ వసతిగృహమునకైనను, ఏ ఉన్నత పాఠశాలకైనను అందుబాటులోనివే.

ఒక ఉపాధ్యాయుడు తరగతినాయకుని నియమించి, అల్లరి చేయువారి పేర్లు నల్లబల్లమీద వ్రాయుమని చెప్పినచో, ఆ బాలుడు అధికారము నేర్చుకొనును. అదే ఉపాధ్యాయుడు గ్రంథాలయపు బీరువా తాళపుచెవిని, చినిగిన పుస్తకములకు అట్ట వేయించుటకై చిన్న మొత్తమును పిల్లల చేతిలో పెట్టి, నెలాఖరున తరగతి ముందు లెక్క చదువుమన్నచో, వారు పరిపాలన నేర్చుకొందురు. మొదటి నెల లెక్క తప్పును. రెండవ నెల ఇద్దరు పోట్లాడుదురు. మూడవ నెల ఒకడు లేచి, 'అట్టలకు ఇంత ఖర్చేల?' అని అడుగును. ఆ ప్రశ్న పుట్టిన దినముననే ఆ తరగతి విద్యార్థి ప్రభుత్వమునకు అర్హత పొందినట్లు.

విద్యార్థులకును ఈ కథలో ఒక మాట గలదు. శిథిలములలో ఇటుక గోకిన ఆ యువకులలో పెక్కుమంది ఆ గదులలో రెండు మూడు సంవత్సరములకంటె నివసించి యుండరు. వారి పేర్లు ఇప్పుడా గదులలో నుండువారికి తెలియవు. తాత నాటిన మామిడిచెట్టు పండు మనుమడు తినునట్లు, తమవారు కాని వారి సుఖము కొరకు వారు చేతులు మురికి చేసికొనిరి. సంఘపు పని యనగా ఇదియే. రాబోవు సంవత్సరము చేరు ముఖము తెలియని బాలుని కొరకు నేడు నూతికి గిలక బిగించుట.

ఇల్లు కట్టి చూడుమని పెద్దలు చెప్పినది కట్టుట కష్టమని మాత్రమే కాదు. కట్టినవానికి లోకము తెలియునని. కట్టిన పిమ్మట గడప తుడుచుటయు, కప్పు కారునేమో చూచుటయు, ఈ యిల్లెవరిదని అప్పుడప్పుడు తమ్ము తాము ప్రశ్నించుకొనుటయు ఆ సామెతలో చెప్పక విడిచిన రెండవ సగము. హెల్సింకిలోని పాతభవనపు ముఖమున ఆ నాలుగు లాటిను మాటలు నేటికిని నిలిచియున్నవి. వాటి క్రిందనుండి ప్రతి శరత్కాలమున క్రొత్త విద్యార్థులు నడచిపోవుదురు. వారిలో తలయెత్తి చదివినవాడు తాను పుచ్చుకొన్నదేమో తెలిసికొనును. చదివి ఊరకుండలేనివాడు తాను ఈయవలసినదేమో తెలిసికొనును.